ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగరు?

గోంగూర వద్దన్నారు. పాలకూర వద్దన్నారు. తోటకూర ఎప్పుడైనా ఒకసారి అన్నారు. గుండెలో వాల్వు మార్చిన మనిషి ఉన్న ఏ ఇంటికైనా వెళ్లి అడగండి, ఈ పాఠం తడుముకోకుండా అప్పజెబుతారు. పెళ్లి భోజనంలో కూడా ఆకుకూర పప్పు పక్కకు నెట్టేసి లేస్తారు.

మరి మెడికల్ షాపు నుంచి తెచ్చిన మాత్రల సంగతి?

మూత్రంలో మంటకు మింగిన సెప్ట్రాన్ సంగతి? నీళ్ల విరేచనాలకు మింగిన ఫ్లాజిల్ సంగతి? చిగురు వాచిందని పళ్ల డాక్టర్ రాసిన ఐదు రోజుల కోర్సు సంగతి?

వాటి గురించి ఎవరు చెప్పారు? మీరు ఎవరిని అడిగారు?

ఎవరూ చెప్పలేదు. మీరూ అడగలేదు.

ఆకుకూర ఏం చేస్తుందో తెలుసా? అందులోని విటమిన్ కె వల్ల, వాల్వు మనిషి రోజూ మింగే రక్తం పలచబడే మందు పని కాస్త తగ్గుతుంది. రోజూ ఇంచుమించు ఒకే కొలతలో తింటే, డాక్టర్ దానికి తగ్గట్టు మాత్ర డోసు సర్దుతారు. అంతటితో సరి. పైన చెప్పిన మాత్రల్లోని యాంటీబయాటిక్ అలా సర్దుకుపోయే రకం కాదు. అదే మందు పనిని కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెంచేయగలదు. మొన్నటిదాకా సరిగ్గా ఉన్న రక్తం ఈ వారం గడ్డకట్టడం మర్చిపోతుంది. అప్పుడు చిన్న దెబ్బ చాలు. ఒక్కోసారి దెబ్బ కూడా అక్కర్లేదు.

ఆకుకూరకు భయపడే ఇల్లు ఈ మాత్రకు భయపడదు. భయపడాలని ఆ ఇంటికి చెప్పిన నాథుడు లేడు.

అసలు ఈ మనుషులు ఎవరో తెలుసా మీకు? చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, తర్వాత కీళ్లు వాచి, 'అదే తగ్గుతుందిలే' అని వదిలేస్తే, ఆ రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను తినేసిన వాళ్లు. ఎక్కువమంది పేదవాళ్లు. ఇరుకు ఇళ్లలో పెరిగినవాళ్లు. ఆడవాళ్లు చాలామంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక వీళ్లలో ఎందరికో పెద్దాసుపత్రి గడప తొక్కే వీలు దొరికింది. లోహపు వాల్వు పడింది. ప్రాణం నిలబడింది. ఆ రోజు నుంచి జీవితాంతం రోజూ రక్తం పలచబడే అసిట్రోమో వార్ఫరినో మింగాలి. ఒక మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాములు, మూడు. అర మిల్లీగ్రాము తేడా వస్తే లెక్క తప్పే మందు అది. వీళ్లతో పాటు గుండె లయ తప్పినవాళ్లు, కాలి సిరల్లో గడ్డలు కట్టినవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చి తేరుకున్న పెద్దలు కూడా ఉన్నారు. మీ వీధిలో ఉన్నారు. మీ ఇంట్లోనే ఉండి ఉండవచ్చు.

వార్ఫరిన్ ఎక్కడి నుంచి వచ్చిందో వినండి. 1948లో అమెరికాలో దాన్ని ఎలుకల్ని చంపడానికి అమ్మారు. మనుషులకు మందుగా 1954లో అనుమతించారు. కొలతలో ఉంటే ప్రాణం నిలుపుతుంది. కొలత దాటితే లోపల రక్తం కారుతుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో పరీక్షలో చెప్పే ఆ కొలత పేరే ఐఎన్‌ఆర్. ఈ మందు వాడనివాళ్లకు ఒకటి దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్నవాళ్లకు మామూలుగా రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉంచుతారు. నాలుగు, ఐదు దాటిన కొద్దీ ప్రమాదం ఎక్కుతుంది.

ఇంత సన్నటి గీత మీద నడిచే మనిషికి, వెనకా ముందూ చూడకుండా ఒక స్ట్రిప్పు చించి ఇచ్చేస్తామా?

ఇచ్చేస్తున్నాం.

లోపల జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. ఈ మందును విరిచి బయటికి పంపే ఎంజైములు లివర్‌లో ఉంటాయి. ఫ్లాజిల్‌లో ఉండే మెట్రోనిడజోల్, సెప్ట్రాన్‌లో ఉండే సల్ఫా మందు, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్ ఆ ఎంజైముల పనిని బాగా తగ్గించేస్తాయి. మందు త్వరగా బయటికి పోదు. రోజూ వేసుకునే మాత్ర మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. ఇంకోవైపు, పేగుల్లో విటమిన్ కె తయారుచేసే సూక్ష్మజీవుల్ని యాంటీబయాటిక్ చంపేస్తుంది. మూడోది, జ్వరం వచ్చిన మనిషి అన్నం తినడు, తిండి ద్వారా వచ్చే విటమినూ ఆగిపోతుంది. మూడు దెబ్బలూ ఒకే వారంలో పడతాయి. మనిషి నీరసంగా ఉంటే 'జ్వరం నీరసం' అంటారు.

ముక్కులోంచి రక్తం వస్తే ఏమంటారు? వేడి చేసిందంటారు. మజ్జిగ తాగమంటారు.

విరేచనం తారులా నల్లగా అయితే? నిన్న తిన్నది పడలేదంటారు.

తల పగిలిపోతోందంటే? ఇంకో నొప్పి మాత్ర ఇస్తారు. మెదడులో రక్తం కారుతున్న మనిషికి ఇంకో డైక్లోఫెనాక్!

ఇవి నిన్నగాక మొన్న కనిపెట్టిన సంగతులా? మెట్రోనిడజోల్ వార్ఫరిన్‌ను ఎలా రెచ్చగొడుతుందో 1976లోనే అచ్చయింది. కెనడాలోని ఒంటారియోలో 66 ఏళ్లు దాటిన, వార్ఫరిన్ వాడే పెద్దల రికార్డులు తిరగేసి 2010లో ఒక అధ్యయనం వచ్చింది. సెప్ట్రాన్ రకం మందు తీసుకున్నవాళ్లకు పొట్టలో రక్తస్రావమై ఆసుపత్రి పాలయ్యే ముప్పు దాదాపు నాలుగు రెట్లు. సిప్రోఫ్లాక్సాసిన్‌తో దాదాపు రెండు రెట్లు. అదే మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు వాడే నైట్రోఫ్యురాంటోయిన్‌తో అలాంటి పెరుగుదల కనిపించలేదు.

చదివారా ఆ చివరి వాక్యం?

వేరే మందు ఉంది! రాసే చేయి ఒక్క క్షణం ఆగితే చాలు. తప్పక అదే మందు ఇవ్వాల్సి వస్తే, రక్తం పలచబడే మాత్ర డోసును డాక్టర్ ముందే తగ్గించవచ్చు, మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చేయించవచ్చు. ఆ పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు. మెదడులో రక్తం కారిన మనిషిని ఐసీయూలో పడుకోబెడితే ఎంతవుతుందో మీకు చెప్పాలా?

ఏం అడ్డం వచ్చింది మనకు? డబ్బా? చదువా? కాదు. పట్టింపు లేదు.

ఏం జరుగుతోందో చెబుతాను, ఊపిరి తీసుకోకుండా వినండి: ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఇంగ్లిష్‌లో ఉన్న డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి ఆకుకూరల గురించి ఒక నిమిషం మాట్లాడి పంపేయడం, ఆ కాగితం ఇంటికి రాగానే ప్లాస్టిక్ కవర్లో బీరువా ఎక్కడం, అసిట్రోమ్ అనే పేరు ఇంట్లో 'గుండె గోలీ' అయిపోవడం, నెలకోసారి చేయించాల్సిన ఐఎన్‌ఆర్ బస్సు ఛార్జీలకూ కూలి పోతుందన్న లెక్కకూ భయపడి ఆర్నెల్లకు ఒకసారి కావడం, జ్వరమొస్తే దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క ఆర్‌ఎంపీ ఏం వాడుతున్నావమ్మా అని అడక్కుండా పిరుదుకు సూది పొడవడం, ఆ పొడిచిన చోట కమిలి గడ్డకట్టినా వేడినీళ్ల కాపడం పెట్టుకోమనడం, యాంటీబయాటిక్ ఒకటి, నొప్పి మాత్ర ఒకటి, గ్యాసు మాత్ర ఒకటి కలిపి కాగితం పొట్లం కట్టి ఏ మాత్ర ఏదో పేరు కూడా తెలియకుండా ఇవ్వడం, పన్ను పీకే ముందు వాల్వు గురించి అడిగినవాళ్లు పీకిన తర్వాత రాసే మెట్రోనిడజోల్ గురించి ఆలోచించకపోవడం, మోషన్స్ అంటే చాలు మెడికల్ షాపులో చీటీ లేకుండా ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర చించి ఇవ్వడం, ఫార్మసీ చదివిన మనిషి సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటే కౌంటర్ దగ్గర పదో తరగతి పిల్లాడు మందులు అమ్మడం, నోటిపూతకని అడిగితే మైకోనజోల్ జెల్ పళ్లపేస్టు ఇచ్చినంత తేలిగ్గా ఇవ్వడం, గుండె డాక్టర్ రాసింది చర్మ డాక్టర్‌కు తెలియకపోవడం, చర్మ డాక్టర్ రాసిన ఫ్లుకోనజోల్ గుండె డాక్టర్‌కు తెలియకపోవడం, ఈ ఇద్దరూ రాసింది ఇంట్లోవాళ్లకు అసలే అర్థం కాకపోవడం, నల్లటి విరేచనాలతో మూడు రోజులు ఇంట్లోనే పడుకోబెట్టడం, చివరికి తెలివితప్పాక అంబులెన్సు ఎక్కించడం, క్యాజువాలిటీలో ఏం మందులు వాడుతున్నారని మొట్టమొదటిసారి ఎవరో అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేక అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, మనిషి పోయాక 'గుండె జబ్బు మనిషి కదా, ఎన్నాళ్లు ఉంటుంది' అని దినం భోజనాల దగ్గర మనమే అనేసుకోవడం.

గుండె జబ్బు కాదు చంపింది. గుండెకు చేయాల్సిన వైద్యం చేశారు. అది బాగానే ఉంది.

మీరు ఆ భోజనాల దగ్గర ఏమన్నారు?

'పేషెంటే చెప్పాలి కదా' అంటారు కొందరు డాక్టర్లు. ఎలా చెబుతుంది? మూత్రంలో మంటకు మందు అడగడానికి వచ్చిన మనిషికి, గుండె మాత్రతో దీనికి సంబంధం ఉందని ఎలా తెలుస్తుంది? తెలిస్తే ఆమె డాక్టర్ అయ్యేది. మీరు చదివిన చదువు మీది. అడగాల్సింది మీరు. 'రక్తం పలచబడే మందు ఏదైనా వాడుతున్నారా?' ఇంతే. ఒక్క వాక్యం. దాన్ని అడగడానికి పట్టే సమయంలో మీరు ఇంకో చీటీ రాయలేరు.

'మాకు అలా చెప్పమని రూల్ లేదు' అని మెడికల్ షాపువాళ్లు అంటారా? రూల్ ఉంది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం మందు ఇచ్చే ఫార్మసిస్టు పేషెంట్‌కు దాని గురించి వివరించాలి. ఎలా వాడాలో, ఏ దుష్ఫలితాలు వస్తాయో, వేరే మందులతో ఎలా తగాదా పడుతుందో చెప్పాలి. యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా అమ్మకూడదనీ ఉంది. కొన్నిటిని 2014 మార్చి నుంచి హెచ్‌1 షెడ్యూల్‌లో పెట్టి, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయమన్నారు. స్ట్రిప్పు మీద ఎర్ర గీత గీశారు.

గీత ఉంది. దాన్ని ఎవరు చూస్తున్నారు? డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చూస్తున్నారా? మీరు చూస్తున్నారా? మాత్ర మింగే ముందు ఎప్పుడైనా ఆ స్ట్రిప్పు తిరగేశారా?

ఇంకో దారుణం దీనికి తలకిందులుగా ఉంటుంది. దాని గురించి ఇంకా తక్కువ మాట్లాడతారు. టీబీ.

మన దగ్గర టీబీ తక్కువా? వాల్వు ఉన్న మనిషికి టీబీ వస్తే రిఫాంపిసిన్ మొదలుపెడతారు. ఆ మందు పైన చెప్పిన వాటికి పూర్తిగా విరుద్ధం. లివర్‌ను ఉరకలెత్తిస్తుంది. రక్తం పలచబడే మాత్రను పనిచేయనివ్వకుండా త్వరత్వరగా విరిచి పారేస్తుంది. ఐఎన్‌ఆర్ కూలిపోతుంది. లోహపు వాల్వు మీద గడ్డ కడుతుంది. వాల్వు తెరుచుకోదు, మూసుకోదు. లేదా గడ్డ ఊడి మెదడుకు వెళుతుంది. అందుకే టీబీ కోర్సు నడుస్తున్న నెలలన్నీ డోసు పెంచుకుంటూ, మాటిమాటికీ పరీక్ష చేసుకుంటూ పోవాలి. సరే, ఎవరో మంచి డాక్టర్ పెంచారనుకుందాం. ఆరు నెలలకు టీబీ తగ్గింది. రిఫాంపిసిన్ ఆపేశారు. అందరూ సంతోషించారు. పెంచిన డోసును మళ్లీ తగ్గించాలని ఎవరికి గుర్తుంది? రెండు మూడు వారాల్లో లివర్ పాత స్థితికి వస్తుంది, పెంచిన డోసు మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు రక్తస్రావం మొదలవుతుంది. టీబీ జయించిన మనిషి, టీబీ మందు ఆపినందుకు పోతాడు.

టీబీ మాత్రలు చేతిలో పెట్టిన రోజు అతన్ని ఎవరైనా వేరే మందులు వాడుతున్నావా అని అడిగారా? ఆఖరి డోసు మింగిన రోజు అడిగారా?

'ఇప్పుడు కొత్త మందులు వచ్చాయిగా, వాటికి ఐఎన్‌ఆర్ అక్కర్లేదు' అని తేలిగ్గా తీసిపారేయకండి. అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగాట్రాన్‌లకు కూడా రిఫాంపిసిన్ శత్రువే. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వీటి మోతాదును రక్తంలో పెంచగలదు. పైగా లోహపు వాల్వు ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. డాబిగాట్రాన్‌తో చేసిన ప్రయోగంలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువైతే దాన్ని మధ్యలోనే ఆపేశారు. పేదింటి వాల్వు మనిషికి అసిట్రోమో వార్ఫరినో తప్ప దిక్కు లేదు. కనీసం ఆ మందునైనా బతకనిచ్చేలా వాడుదాం అని ఎవరికీ అనిపించదా?

విదేశాల్లో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లు మందుల దుష్ఫలితాలతో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరిన కేసులను లెక్కపెట్టారు. 2011లో అచ్చయిన ఆ లెక్కలో మూడో వంతు వార్ఫరిన్ వల్లనే. కంప్యూటర్లు హెచ్చరించే దేశంలో అంత. మీ నాన్న విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉన్నారు. వీడియో కాల్‌లో 'మందులు వేసుకున్నావా నాన్నా' అని రోజూ అడుగుతారు. ఏ మందులో అడిగారా? ఆ మధ్య దగ్గుకు వేసుకున్నది ఏమిటో అడిగారా? డబ్బు పంపడం తెలుసు కదా. ఆ చీటీ ఫొటో పంపమని అడగడం ఎందుకు తెలియదు?

నన్ను అపార్థం చేసుకోకండి. యాంటీబయాటిక్‌లు మానేయమని నేను అనడం లేదు. వాల్వు ఉన్న మనిషిలో ఇన్ఫెక్షన్‌ను వదిలేస్తే అది పోయి వాల్వుకే పట్టవచ్చు. అది ఇంకా ఘోరం. ఇది చదివి భయపడి అసిట్రోమ్ ఆపేసేవాళ్లు ఉంటే వాళ్లకూ చెబుతున్నాను: ఆపకండి. సొంతంగా ఆపితే గడ్డ కడుతుంది. రెండు మందులూ అవసరమే. ఆ రెండూ ఒకే ఒంట్లో కలుస్తున్నాయని తెలిసిన మనిషి ఒకరు కావాలి. వంద గజాలకో మెడికల్ షాపు, సందుకో క్లినిక్ ఉన్న ఊళ్లలో ఆ ఒక్క మనిషి దొరకడం లేదు. సిగ్గుగా లేదూ?

ఇలాంటివి జరిగితే చెప్పడానికి దేశంలో ఒక వ్యవస్థ 2010 నుంచి ఉంది. ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్. 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరు. మందు వల్ల నష్టం జరిగిందని అనుమానం వస్తే డాక్టరే కాదు, మీరూ ఫోన్ చేసి చెప్పవచ్చు. ఎవరైనా చేశారా? మీకు తెలిసిన ఒక్క ఇల్లు చేసిందా? చెప్పనిది లెక్కకు రాదు. లెక్కకు రానిదాన్ని ఏ మంత్రీ పట్టించుకోడు.

ప్రభుత్వాలు చేయాల్సింది కూడా ఆకాశం నుంచి చుక్కలు తేవడం కాదు. వాల్వు ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చే చేత్తో, ఆ మనిషి ఊరి దగ్గరి పీహెచ్‌సీలో వేలికొన రక్తంతో ఐఎన్‌ఆర్ చూసే చిన్న యంత్రం పెట్టలేరా? ఆశా కార్యకర్త దగ్గర బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్లు ఉన్నట్టే, రక్తం పలచబడే మందు వాడేవాళ్ల పేర్లు ఉండకూడదా? 'నేను రక్తం పలచబడే మందు వాడుతున్నాను, కొత్త మందు ఇచ్చే ముందు నా డాక్టర్‌ను అడగండి' అని తెలుగులో రెండు లైన్ల కార్డు అచ్చేయడానికి ఏ బడ్జెట్ సమావేశాలు కావాలి?

వాళ్లు చేసేదాకా మీరు ఆగకండి. మీ ఇంట్లో ఈ మందు వాడేవాళ్లు ఉంటే ఈ రాత్రే ఆ స్ట్రిప్పు తీసి పేరు చదవండి. ఆ పేరు, డోసు, చివరి ఐఎన్‌ఆర్, గుండె డాక్టర్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆ మనిషి పర్సులో పెట్టండి. పళ్ల డాక్టర్ అయినా, ఆర్‌ఎంపీ అయినా, మెడికల్ షాపు అయినా కొత్త మాత్ర ఇచ్చే ముందు ఆ కాగితం ముందు పెట్టి, 'దీనితో పడుతుందా?' అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే రోజే గుండె డాక్టర్‌కు చెప్పి, మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చేయించండి. కోర్సు ఆపిన వారానికి మళ్లీ చేయించండి. విరేచనం నల్లబడినా, మూత్రం ఎర్రబడినా, తలకు దెబ్బ తగిలినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా తెల్లారేదాకా చూడకండి. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, గడప దాటగానే మొదటి మాటగా ఆ మందు పేరు చెప్పండి.